క్షణాన్ని కొలిచిన మనీషి – అంకితం వెంకట నరసింగరావు

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలోని వినగడప గ్రామ సమీపంలో కట్టలేరు వాగు ప్రవహిస్తుంది. అటువంటి వాగు ఒడ్డున నిలబడి, ఆవలి గట్టున చాలా దూరంలో కట్టెలు కొట్టే మనిషిని గమనిస్తే ఒక వింత అనుభవానికి వస్తుంది. గొడ్డలి మొద్దుమీద పడడం ముందుగా కనిపిస్తుంది. దాని చప్పుడు కొంత ఆలస్యంగా వినిపిస్తుంది. వెలుగు రెప్పపాటు కంటె ఎంతో తక్కువ కాలంలో కన్ను చేరుతుంది. ధ్వని మాత్రం సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతోనే పయనిస్తుంది. కట్టెలు కొట్టే మనిషి 170 మీటర్ల దూరంలో ఉంటే చప్పుడు అర సెకను ఆలస్యంగా అందుతుంది. అదే మనిషి మన ఇంటి పెరటిలో కట్టెలు కొడితే చూపుకూ, వినికిడికీ మధ్య ఏ ఎడమూ తోచదు. రెండూ ఒకేసారి జరిగినట్లే అనిపిస్తుంది.

అయితే పెరటిలో కూడ ఆ రెండూ నిజంగా ఒకేసారి మెదడును చేరడం లేదు. కన్ను తెచ్చే వార్తకు ఒక నడక, చెవి తెచ్చే వార్తకు ఒక నడక ఉన్నాయి. వేరు వేరు వేళలలో వచ్చిన ఆ రెండు వార్తలను జతపరచి, ఇవి రెండూ ఒకే క్షణానికి చెందినవని తీర్పు చెప్పేది మెదడు. ఆ తీర్పులో పొరపాటు ఉండవచ్చునని, అది మనిషికీ మనిషికీ మారుతుందని లోకానికి మొదట తెలియజేసినవారు వైద్యులు కారు, తత్త్వవేత్తలూ కారు. రాత్రివేళ దూరదర్శిని ముందు కూర్చుని, పక్కనున్న గడియారపు టిక్కులను లెక్కించే ఖగోళ శాస్త్రజ్ఞులు ఈ సత్యాన్ని కనుగొన్నారు. ఆ విద్యలో పందొమ్మిదవ శతాబ్దంలోనే ఖ్యాతి గడించిన తెలుగువాడు విశాఖపట్టణ వాస్తవ్యుడు అంకితం వెంకట నరసింగరావు.

నరసింగరావు 1827లో జన్మించారు. సంపన్న కుటుంబానికి చెందిన ఆయన ఆంగ్ల విద్యనభ్యసించి, ప్రభుత్వ కొలువులో డిప్యూటీ కలెక్టరు పదవిని నిర్వహించారు. ఆ రోజులలో ఒక భారతీయునికి అది సామాన్యమైన పదవి కాదు. ఆ మార్గంలోనే సాగి ఉంటే ఆయన పేరు ప్రభుత్వ దస్త్రాలలో మిగిలి, కాలక్రమాన మరుగున పడి ఉండేది. ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన వేధశాల.

జగ్గారావు విశాఖపట్టణంలోని ప్రసిద్ధమైన గోడే వంశానికి చెందిన జమీందారు. సంపదను విలాసాలకు వెచ్చించే వయసులో ఆయన చెన్నపట్టణం వెళ్లి, అక్కడి వేధశాలకు అధిపతిగా ఉన్న టేలర్ అనే శాస్త్రజ్ఞుని వద్ద ఖగోళ విద్యను అభ్యసించారు. తిరిగి వచ్చి 1840లో విశాఖపట్టణంలో తన సొంత ధనంతో ఒక వేధశాలను నిర్మించారు. పాలకుల అండ లేకుండా ఒక భారతీయుడు ఆధునిక పద్ధతిలో స్వయంగా నెలకొల్పిన వేధశాలలు ఆనాటికి బహు అరుదు. 1856లో జగ్గారావు నలభై ఏళ్లయినా నిండకుండానే మరణించారు. దూరదర్శినులూ, గడియారాలూ, పట్టికలూ దిక్కులేనివి అయ్యే ప్రమాదం ఏర్పడింది. అప్పుడు అల్లుడైన నరసింగరావు ఆ బాధ్యతను తన భుజాల మీద వేసుకున్నారు. ప్రభుత్వ పదవిని వదులుకొని వేధశాలకు అంకితమయ్యారు. ఇంటిపేరును ఆయన ఈ విధంగా సార్థకం చేసుకున్నారు.

వేధశాలలో పని అంటే నక్షత్రాలను చూసి ఆనందించడం కాదు. అది కఠినమైన తపస్సు. ఆ కాలపు ప్రధాన కార్యాలలో ఒకటి, నక్షత్రం ఆకాశపు మధ్యరేఖను దాటే క్షణాన్ని ఖచ్చితంగా గుర్తించడం. దూరదర్శినిలో కంటికి ఎదురుగా సన్నని తీగలు నిలువుగా అమర్చి ఉంటాయి. పరిశీలకుడు ముందుగా గడియారం చూసి గంటలు, నిమిషాలు, సెకన్లు గుర్తుంచుకుంటాడు. ఆ తరువాత కంటిని దూరదర్శినికి ఆనించి, లోలకపు టిక్కులను చెవితో వింటూ మనసులో లెక్కపెడుతూ ఉంటాడు. నక్షత్రం మెల్లగా జరుగుతూ తీగను సమీపిస్తుంది. ఒక టిక్కు వినిపించినప్పుడు అది తీగకు ఇవతల ఉంటుంది. తరువాతి టిక్కుకు తీగ దాటిపోతుంది. ఆ రెండు స్థానాలను మనసులో నిలుపుకొని, మధ్యనున్న దూరాన్ని పది భాగాలు చేసి, ఎన్నవ భాగంలో తీగ ఉన్నదో నిర్ణయించాలి. ఈ విధంగా సెకనులో పదవ వంతు వరకు కాలాన్ని లెక్కకట్టేవారు. దీనికి కన్ను–చెవి పద్ధతి అని పేరు. చూపునూ, వినికిడినీ ఒకే క్షణంలో కలపడమే ఇందులోని కీలకం.

ఈ పద్ధతి ఎంత నమ్మదగినదిగా కనిపించిందో అంతటి చిక్కును లోపల దాచుకున్నది. ఇంగ్లండులోని గ్రీనిచ్ వేధశాలలో మాస్కెలిన్ అనే ప్రధాన శాస్త్రజ్ఞుని వద్ద కిన్నెబ్రూక్ అనే యువకుడు సహాయకునిగా పనిచేసేవాడు. ఒకే తీగను ఒకే నక్షత్రం దాటే వేళను ఇద్దరూ గుర్తిస్తే, కిన్నెబ్రూక్ లెక్క గురువు లెక్క కంటె దాదాపు అర సెకను ఆలస్యంగా ఉండేది. జాగ్రత్త వహించవలసిందిగా మందలించినా ప్రయోజనం లేకపోయింది. ఆ తేడా సెకనులో ఎనిమిది పదవ వంతులకు పెరిగింది. 1796లో కిన్నెబ్రూక్ ఉద్యోగాన్ని పోగొట్టుకున్నాడు. అశ్రద్ధ అనే నింద మోసిన ఆ యువకుడు 1802లో మరణించాడు.

ఇరవై ఏళ్లకు పైగా గడచిన తరువాత జర్మనీ ఖగోళ శాస్త్రజ్ఞుడు బెస్సెల్ దృష్టి ఈ ఉదంతం మీద పడింది. శిక్షణ పొందిన ఒక మనిషి ఇన్ని నెలలపాటు ఒకే తీరుగా తప్పు చేయడం అశ్రద్ధ వల్ల సాధ్యమా అనే సందేహం ఆయనకు కలిగింది. అశ్రద్ధ వల్ల కలిగే తప్పు ఒకసారి ముందుకూ, ఒకసారి వెనుకకూ పోవాలి కదా! బెస్సెల్ తనను ఇతర నిపుణులతో పోల్చి చూసుకున్నాడు. ప్రసిద్ధులైన పరిశీలకులతో కూడ ఆయనకు ఒక సెకను పైచిలుకు తేడా వచ్చింది. ఎవరూ అశ్రద్ధ చేయలేదు. ఒక్కొక్కరి మెదడు చూపునూ, వినికిడినీ ఒక్కొక్క విధంగా కలుపుతున్నది. ఆ తేడాకు ఖగోళ శాస్త్రజ్ఞులు వైయక్తిక సమీకరణం అనే అర్థం వచ్చే పేరు పెట్టి, లెక్కలలో సవరించుకోసాగారు. కిన్నెబ్రూక్ నిర్దోషి అని శాస్త్రం తేల్చేనాటికి అతడు జీవించి లేడు.

నరసింగరావు వేధశాల బాధ్యత స్వీకరించేనాటికి ఈ విజ్ఞానం శాస్త్రలోకంలో స్థిరపడింది. సెకను అనేది మనకు అల్పంగా తోస్తుంది. భూమి తన చుట్టూ తాను తిరిగే వేగాన్ని బట్టి, కాలంలో ఒక సెకను పొరపాటు జరిగితే భూమధ్యరేఖ వద్ద స్థలనిర్ణయంలో 460 మీటర్లకు పైగా పొరపాటు వస్తుంది. నడిసముద్రంలో ఓడకూ, రాతిగుట్టకూ మధ్య అంతకంటె తక్కువ ఎడం ఉండవచ్చు. అందువలననే రేవు పట్టణాలలో నావికులు తమ గడియారాలను సరిచూసుకొనడానికి ప్రతిదినం సంకేతాలు ఇచ్చేవారు. 1833 నుండి గ్రీనిచ్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకు ఎత్తయిన స్తంభం మీది నుండి ఒక పెద్ద బంతి కిందికి జారేది. చెన్నపట్టణం కోటలో ఫిరంగి పేల్చేవారు. అనుభవజ్ఞుడైన నావికుడు ఫిరంగి మోతను నమ్మేవాడు కాదు. దాని మెరుపునో, పొగనో చూసి గడియారం సరిచేసుకునేవాడు. మూడు కిలోమీటర్ల దూరంలోని ఓడకు ఆ మోత చేరడానికి దాదాపు తొమ్మిది సెకన్లు పడుతుంది మరి! కాలం విషయంలో కన్నుకూ, చెవికీ గల తగవు ఈ విధంగా మనుషుల ప్రాణాలతో ముడిపడి ఉన్నది.

నరసింగరావు తన వేధశాలను కాలానుగుణంగా అభివృద్ధి పరచారు. ఆరు అంగుళాల వ్యాసం గల మేలైన దూరదర్శినిని సమకూర్చుకున్నారు. గ్రహణాలనూ, తోకచుక్కలనూ, గ్రహ సంక్రమణాలనూ శ్రద్ధతో పరిశీలించారు. 1868 ఆగస్టు 18వ తేదీన సంభవించిన సూర్యగ్రహణం శాస్త్ర చరిత్రలో ప్రఖ్యాతమైనది. గుంటూరులో అది సంపూర్ణంగా కనిపించింది. ఫ్రాన్సు నుండి వచ్చిన జాన్సెన్ అక్కడ విడిది చేసి సూర్యుని వెలుగును విశ్లేషించాడు. హీలియం అనే మూలకాన్ని గుర్తించడానికి దారి తీసిన పరిశీలనలలో అది ఒకటి. విశాఖపట్టణంలో పాక్షికంగా కనిపించిన ఆ గ్రహణాన్ని నరసింగరావు తన వేధశాల నుండి పరిశీలించారు. ఆయన పంపిన పరిశీలనలను లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ తన మాసపత్రికలో ప్రచురించింది. 1871లో ఆ సంస్థ ఆయనను సభ్యునిగా స్వీకరించింది. మరుసటి సంవత్సరం రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ సభ్యత్వం లభించింది. పరాయి పాలనలో ఉన్న దేశంలోని ఒక రేవు పట్టణంలో కూర్చుని, ఒక తెలుగువాడు సాధించిన ఈ గౌరవం సామాన్యమైనది కాదు. సముద్రాల ఆవల ఉన్న పండితులకు ఆయన ముఖం తెలియదు. ఆయన గుర్తించిన క్షణాల మీద నమ్మకమే ఆ గౌరవానికి ఆధారం.

ఆ నమ్మకానికి గొప్ప పరీక్ష 1874 డిసెంబరు 9వ తేదీన వచ్చింది. ఆనాడు శుక్రగ్రహం భూమికీ, సూర్యునికీ నడుమగా వచ్చి, ఒక చిన్న నల్లని చుక్కవలె సూర్యబింబం మీదుగా సాగిపోయింది. ఈ ఘటన ఎనిమిదేళ్ల ఎడంలో రెండు పర్యాయాలు సంభవించి, ఆ తరువాత నూరు సంవత్సరాలు దాటిన పిమ్మట గాని మళ్లీ రాదు. అంతకుముందటి సంక్రమణం 1769లో జరిగింది. భూమి మీద వేరు వేరు ప్రదేశాలలో శుక్రుడు సూర్యబింబాన్ని తాకిన క్షణాన్నీ, వీడిన క్షణాన్నీ ఖచ్చితంగా గుర్తిస్తే, వాటి తేడాలను బట్టి భూమికీ సూర్యునికీ గల దూరాన్ని గణించవచ్చు. విశ్వానికంతకూ కొలమానంగా నిలిచే దూరమది. అందుకని ఐరోపా, అమెరికా దేశాలు ఎంతో ధనం వెచ్చించి భూగోళపు నలుమూలలకు పరిశోధక బృందాలను పంపాయి. విశాఖపట్టణంలో నరసింగరావు తన వేధశాలలోనే ఆ మహాఘటనకు సిద్ధమయ్యారు.

ఆనాటి సంక్రమణం నాలుగు గంటలకు పైగా సాగింది. అయినా పరిశీలకునికి ముఖ్యమైనవి అందులోని కొద్ది క్షణాలు మాత్రమే. గ్రహపు నల్లని బింబం సూర్యుని అంచును లోపలి నుండి తాకి విడివడే క్షణం వాటిలో అతి కీలకమైనది. అక్కడే ప్రకృతి ఒక చిక్కు పెట్టింది. విడివడబోయే వేళకు గ్రహానికీ, సూర్యుని అంచుకూ నడుమ ఒక నల్లని బొట్టు సాగుతున్నట్లు కనిపిస్తుంది. గ్రహం ఎప్పుడు విడిపోయినదో కన్ను తేల్చుకోలేదు. ఒకే చోట పక్కపక్కనే నిలిచిన ఇద్దరు నిపుణుల లెక్కలలో కూడ ఎన్నో సెకన్ల తేడాలు వచ్చాయి. ఆ కాలంలో ఈ చిక్కును తప్పించుకొనడానికి జాన్సెన్ వెంట వెంటనే ఛాయాచిత్రాలు తీసే యంత్రాన్ని నిర్మించి జపాను దేశంలో ఉపయోగించాడు. కదిలే బొమ్మల చరిత్రకు అది ఒక తొలి మెట్టు.

నరసింగరావు తన పరిశీలన ఫలితాలను లండనుకు పంపగా సొసైటీ వారు ప్రచురించారు. ప్రపంచమంతటి నుండి వచ్చిన లెక్కలలో తేడాలు ఎక్కువగా ఉండడం వల్ల, ఆ సంక్రమణం ఆశించినంత ఖచ్చితమైన ఫలితాన్ని ఇవ్వలేదు. అయినప్పటికీ శాస్త్రంలో వ్యర్థమైన పరిశీలన అంటూ ఉండదు. మానవుని కన్నుకూ, మనసుకూ గల హద్దులను ఆనాటి పరిశీలకులు నిజాయితీతో నమోదు చేయడం వల్లనే తరువాతి తరాలవారు వేరు మార్గాలు వెదికారు. సూర్యుని సగటు దూరం సుమారు 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లు అని నేడు మనకు ఖచ్చితంగా తెలుసు. 1882 నాటి సంక్రమణ సమయంలో మన దేశంలో రాత్రి అయిపోయింది. కాబట్టి నరసింగరావు చూసిన దృశ్యాన్ని విశాఖ ప్రజలు తిరిగి చూడడానికి 2004 జూన్ 8వ తేదీ వరకు, అంటే దాదాపు నూట ముప్పది సంవత్సరాలు వేచి ఉండవలసి వచ్చింది. 2012 తరువాత అది మళ్లీ 2117లో గాని రాదు.

మహాఘటనలు అరుదుగా వస్తాయి. వేధశాలను నిలిపేది దినచర్య. నరసింగరావు ఆకాశంతోపాటు వాతావరణాన్ని కూడ పట్టుదలతో గమనించేవారు. గాలి పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం మొదలైన వాటిని నమోదు చేయించారు. తుఫానులకు నెలవైన తూర్పు తీరంలో ఆ లెక్కలకు ఎంతో విలువ ఉన్నది. 1892లో ఆయన పరమపదించారు.

ఆయన సతీమణి భర్త జ్ఞాపకార్థం విశాఖపట్టణంలోని కళాశాలకు ఉదారంగా విరాళమిచ్చారు. 1878లో కళాశాల స్థాయికి ఎదిగిన ఆ విద్యాసంస్థ మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలగా ప్రసిద్ధి పొందింది. ఆ పేరులోని మొదటి మాట దానమిచ్చిన ఇల్లాలిని, తక్కిన అక్షరాలు ఆమె భర్తను స్మరింపజేస్తాయి. 1892లోనే ఆ కళాశాలలో గణిత, భౌతిక శాస్త్రాలను బోధించడానికి చంద్రశేఖర అయ్యర్ అనే ఉపాధ్యాయుడు కుటుంబంతో విశాఖపట్టణం వచ్చారు. ఆయన వెంట వచ్చిన పసివాడే తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన చంద్రశేఖర వేంకట రామన్. రామన్ ఆ కళాశాలలోనే ప్రాథమిక ఉన్నత విద్యను అభ్యసించారు. పెద్దయిన తరువాత ఆయన వెలుగు రహస్యాలతోపాటు వయొలిన్, మృదంగం, తబలా వంటి వాద్యాల ధ్వనులను కూడ పరిశోధించారు. కన్నుకూ, చెవికీ విందు చేసే రెండు విషయాలూ ఆయనకు అభిమాన విషయాలే కావడం ఆ కళాశాల పేరును తలచుకున్నప్పుడు ముచ్చట గొలుపుతుంది.

ఖగోళ శాస్త్రజ్ఞులు విడిచిన చిక్కుముడిని పందొమ్మిదవ శతాబ్దపు ద్వితీయార్ధంలో మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు చేపట్టారు. జర్మనీ దేశస్థుడు వుంట్ తిరిగే ముల్లునూ, మోగే గంటనూ అమర్చి, గంట మోగినప్పుడు ముల్లు ఎక్కడ ఉన్నదో చెప్పవలసిందిగా మనుషులను అడిగి పరీక్షించాడు. మనసు ముందుగా దేనిమీద నిలిస్తే అదే ముందు జరిగినట్లు తోస్తుందని ఇటువంటి పరీక్షల వల్ల తెలియవచ్చింది. గురువు గడియారపు టిక్కు మీద, శిష్యుడు నక్షత్రం మీద మనసు నిలిపి ఉంటే వారి లెక్కలు కలవకపోవడంలో ఆశ్చర్యమేమున్నది?

నేటి విజ్ఞానం మరికొన్ని విషయాలను వెల్లడించింది. ధ్వని గాలిలో మెల్లగా వస్తుంది గాని, చెవి దానిని నాడీ సంకేతంగా మార్చడంలో కంటికంటె చురుకైనది. కంటి వెనుక పొరలో వెలుగు రసాయనిక మార్పుల ద్వారా సంకేతంగా మారాలి గనుక కొంత ఆలస్యమవుతుంది. ఈ రెండు ఆలస్యాలు ఒకదానినొకటి సరిపెట్టుకొని, సుమారు పది మీటర్ల దూరంలో జరిగే ఘటన యొక్క చూపూ, సవ్వడీ మెదడును ఇంచుమించు ఒకేసారి చేరతాయి. తక్కిన దూరాలలో మెదడు కొంత ఉదారంగా వ్యవహరిస్తుంది. సెకనులో పదవ వంతుకు అటూ ఇటూగా ఉన్న తేడాలను చాలావరకు మన్నించి, రెండింటినీ ఒకటిగా గ్రహిస్తుంది. అందులోనూ పక్షపాతం ఉన్నది. చలనచిత్రంలో మాట పెదవి కదలిక కంటె కొంచెం వెనుకబడితే ఓర్చుకుంటాం. ముందు వినిపిస్తే మాత్రం త్వరగా పసిగడతాం. ప్రకృతిలో మెరుపు తరువాతనే ఉరుము రావడానికి మెదడు అలవాటు పడి ఉన్నది మరి. ఒకే తీరైన ఆలస్యం పదే పదే ఎదురైతే దానికి తగినట్లు మెదడు తన కొలతను సవరించుకుంటుందని కూడ పరిశోధకులు నిరూపించారు.

మనం వర్తమానం అని భావించే క్షణం బయట సిద్ధంగా ఉన్నది కాదు. మెదడు అనుక్షణం కూర్చి మనకు అందించేది. ఈ ఎరుక మనకు రెండు పాఠాలను నేర్పుతున్నది. మన కళ్లతో చూశాము, చెవులతో విన్నాము అన్నంత మాత్రాన మన లెక్కే సరియైనదని పట్టుబట్టరాదు. ఇతరుల లెక్క మన లెక్కతో కలవనంత మాత్రాన వారిని అశ్రద్ధపరులని నిందించరాదు. కిన్నెబ్రూక్‌కు జరిగిన అన్యాయం ఈ రెండింటినీ మరువడం వల్లనే జరిగింది. తన ఇంద్రియాలకు హద్దులున్నాయని తెలిసి కూడ, ఆ హద్దుల లోపల మానవుడు చేయగలిగినంత ఖచ్చితంగా పని చేయడమే శాస్త్రజ్ఞుని ధర్మం. ఉన్నత పదవిని కాదని, దూరదర్శినికి కన్నునూ, గడియారానికి చెవినీ అప్పగించిన అంకితం వెంకట నరసింగరావు ఆ ధర్మాన్ని ఆచరించి చూపిన ధన్యజీవి.